లెక్కలకు ఆమెన్: హనుమకొండ శివారు సంఘం కేస్ స్టడీ

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో దొంగ లేడు. దొంగ దొరికిన కేసులు నా దగ్గర వేరే ఉన్నాయి. వాటిని రాయడం తేలిక, చదవడం ఇంకా తేలిక. దొంగ లేకుండానే ఒక క్రైస్తవ సంఘం రెండు ముక్కలయ్యే దాకా ఎలా వెళ్లిందన్నది ఇక్కడి విషయం. బ్యాంకు ఆడిట్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, వరంగల్, కరీంనగర్ వైపు సంఘాలకు లెక్కలు, నియమావళి, సభ్యత్వ రిజిస్టర్ల విషయంలో సాయపడుతున్నాను. పరకాల నుంచి మంచిర్యాల దాకా ఎక్కడికి వెళ్లినా ఇదే కథ కాస్త అటూ ఇటూగా వినిపిస్తుంది కాబట్టి దీన్ని పూర్తిగా రాస్తున్నాను. సంఘం అనుమతి ఉంది. మనుషులను గుర్తుపట్టే వివరాలు, కొన్ని అంకెలు మార్చాను.

పైన ఎవరూ లేని సంఘం

హనుమకొండ శివారులో ఉన్న ఈ సంఘం బాప్టిస్టు సంప్రదాయానిది. నెల్లూరులో, ఒంగోలులో వేళ్లూనుకున్న అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హనుమకొండలోనూ కేంద్రం తెరిచింది. వాళ్లు నేర్పిన పద్ధతిలో ప్రతి స్థానిక సంఘం తన కాపరిని, అంటే పాస్టరును తానే పిలుచుకుంటుంది, డీకన్లను (సంఘ పనులు చూసే పెద్దలను) తానే ఎన్నుకుంటుంది, తన డబ్బుకు తానే జవాబు చెప్పుకుంటుంది. అదే మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌కు వెళ్తే వేరే పద్ధతి. 1912లో వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా వచ్చిన ఊరు అది. అక్కడ గురువును బిషప్పు బదిలీ చేయగలరు. గొడవ ముదిరితే డయోసిస్ (బిషప్పు కింద ఉండే సంఘాల పాలనా ప్రాంతం) నుంచి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. బాప్టిస్టులకు 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశం ఉన్నా, అది సంఘాలు కలిసి పెట్టుకున్న వేదిక. బిషప్పుకు ఉండే అధికారం దానికి లేదు.

కాబట్టి గొడవ వస్తే ఫిర్యాదు పట్టుకుని వెళ్లడానికి పైన మెట్టు లేదు. సంఘ సభే మొదటి మెట్టు, అదే చివరి మెట్టు. అక్కడ తేలకపోతే మిగిలేది కోర్టు. ఈ సంఘం సొసైటీగా రిజిస్టరైంది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం కమిటీలోగానీ సభ్యుల మధ్యగానీ వివాదం వస్తే ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. నన్ను పిలిచేనాటికి ఒక వర్గం వకీలుతో మాట్లాడి వచ్చింది కూడా. ఇంకో వర్గం ఒక సభ్యుడి ఇంటి మేడ మీద వేరే ఆరాధన పెట్టుకోవడానికి కుర్చీలు మాట్లాడుకుంది.

పద్నాలుగేళ్ల ట్రెజరర్

సంఘ ట్రెజరర్ కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పద్నాలుగేళ్లుగా ఆ బాధ్యత ఆయనదే. ప్రతి జనవరిలో సర్వసభ్య సమావేశం జరుగుతుంది. పదవుల చర్చ వచ్చేసరికి ఎవరో ఒకరు లేచి ‘అన్న ఉన్నారు కదా’ అంటారు, అందరూ తలూపుతారు. కానుకల సంచి ఆయన ఇంటికే వెళ్తుంది. రాత్రి భోజనాలయ్యాక ఆయనే లెక్కపెడతారు, ఆయనే రాస్తారు, ఆయనే బ్యాంకులో కడతారు. సమావేశంలో మొత్తాలు చదువుతారు. ‘ఆమోదించినవారు ఆమెన్ అనండి’ అని పాస్టరుగారు అంటారు. సభంతా ఆమెన్ అంటుంది. ప్రార్థనకూ ఆమెనే, లెక్కలకూ ఆమెనే. నేను చూసిన మినిట్స్ పుస్తకంలో ఏటేటా ఒకే వాక్యం ఉంది: ‘లెక్కలు చదవబడినవి, సంఘము ఏకగ్రీవముగా ఆమోదించినది.’ పద్నాలుగు సంవత్సరాల్లో ఒక్క ప్రశ్న నమోదు కాలేదు. బ్యాంకులో పనిచేసినవాడికి ఇంతకంటే భయపెట్టే కాగితం ఉండదు.

గొడవకు నిప్పురవ్వ క్యూఆర్ కోడ్. సంఘ ఖాతా నడవాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. అలాంటి ఖాతాకు ఫోనులో యూపీఐ పెట్టుకోవడం కుదరదని బ్యాంకులో చెప్పారట. ‘ప్రస్తుతానికి’ అంటూ పాస్టరుగారి అబ్బాయి ఖాతా కోడ్ ముద్రించి కానుకల బల్ల మీద అంటించారు. ఆ ప్రస్తుతం రెండేళ్లు సాగింది. ఈస్టర్ తర్వాత ఒక ఆదివారం, డిగ్రీ పూర్తిచేసి ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఆరాధన ముగిశాక నిలబడి అడిగాడు: ‘కానుక వేస్తే అయ్యగారి అబ్బాయి పేరు వస్తోంది, ఎందుకు?’

ఆ అబ్బాయి ఖాతాలో పడిన ప్రతి రూపాయీ నెలనెలా సంఘ ఖాతాకు వెళ్లింది. స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి నేనే సరిచూశాను. కానీ ఆ రోజు జవాబు రాలేదు. ‘దేవుని మందిరంలో ఇలాంటి ప్రశ్నలా’ అన్న మందలింపు వచ్చింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ప్రశ్న ఒకటి కాస్తా పది అయ్యాయి. నాలుగేళ్లుగా సాగుతున్న పై అంతస్తు హాలు ఖర్చు ముప్పై ఒక్క లక్షలు. దాని లెక్క ఎక్కడ? స్లాబుకు ఎంత, సెంట్రింగ్‌కు ఎంత, మేస్త్రీ ఎవరి బంధువు? వారం తిరగకుండా ట్రెజరర్ బీరువా తాళాలు తెచ్చి పాస్టరుగారి బల్ల మీద పెట్టేశారు. చాలా కుటుంబాలు దశమభాగాలు (ఆదాయంలో పదో వంతుగా ఇచ్చే కానుకలు) ఆపేశాయి.

మొదట అడిగింది లెక్కలు కాదు

నేను వెళ్లగానే రెండు వర్గాలూ లెక్కల పుస్తకాలు నా ముందు పెట్టాయి. వాటిని మూయించి, సభ్యత్వ రిజిస్టరు, నియమావళి అడిగాను. లెక్క తేల్చాక దాన్ని ఒప్పుకోవాల్సింది సంఘ సభ. ఆ సభలో ఎవరికి ఓటుందో తేలకుండా లెక్క తేలినా ప్రయోజనం లేదు. ఓడినవాళ్లు ‘అసలు ఆ సభే చెల్లదు’ అంటారు.

రిజిస్టరులో 312 పేర్లున్నాయి. అందులో 27 మంది ప్రభువునందు నిద్రించారు, అంటే చనిపోయారు. 64 మంది హైదరాబాదుకో మరో చోటికో వెళ్లి అక్కడి సంఘాల్లో చేరిపోయారు. 33 మంది ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. మిగిలింది 188. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లు అంతకంటే బాగా ఎక్కువ. ఇదెలా?

ఈ మాట బయట రాయడానికి జంకుతారుగానీ, తెలంగాణలో సంఘాల పరిపాలన గురించి మాట్లాడుతూ దీన్ని దాటేస్తే లాభం లేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. ఇక్కడ వాళ్లు బీసీ సీ గ్రూపులోకి వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం, సర్టిఫికెట్ గుర్తొచ్చి చాలామంది ఆరాధనకు వస్తారు, కానుక ఇస్తారు, రిజిస్టరులో మాత్రం సంతకం పెట్టరు. పెట్టమని ఒత్తిడి చేసే హక్కు నాకుందని నేను అనుకోను. కానీ కానుక ఇచ్చిన మనిషికి లెక్క వినే హక్కు లేదనడమూ న్యాయం కాదు. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. ఓటు రిజిస్టరులో ఉన్నవారికి. లెక్క వినడం, ప్రశ్న అడగడం ఆరాధనకు వచ్చే అందరికీ. ప్రశ్న అడిగినవారి పేరు మినిట్స్‌లో రాయరు, ప్రశ్నను మాత్రమే రాస్తారు. ఇందులో చట్టపరంగా ఇబ్బందేమీ లేదు. రెండు వర్గాలూ వాదించకుండా ఒప్పుకున్న మొదటి విషయం ఇదే.

‘ఇసుక వగైరా’

తర్వాత లెక్కలు విప్పాం. నాతో పాటు కూర్చోవడానికి ట్రెజరర్‌ను, ఆ ప్రశ్న అడిగిన యువకుణ్ని, స్త్రీల సమాజం నుంచి ఒక టీచరమ్మను పిలిచాను. కమిటీ పెద్దలకు ఇది నచ్చలేదు. నిప్పునూ పెట్రోలునూ ఒక గదిలో కూర్చోబెడుతున్నానని ఒకాయన అన్నారు.

వరుసలు ఇలా ఉన్నాయి: ‘ఇసుక వగైరా 22,500.’ ‘మేస్త్రీ, కూలీలు, టీలు వగైరా 14,000.’ ‘ఇనుము, ఆటో కిరాయి వగైరా.’ ఆ వగైరాల్లో సగం హాలు దాగి ఉంది. మొదటి లెక్కలో ఆధారం లేని ఖర్చు 4,72,000 తేలింది. యువకుడి ముఖం వెలిగింది, ట్రెజరర్ ముఖం నల్లబడింది. ఆ తర్వాత చాలా సాయంత్రాలు సిమెంటు దుకాణం ఖాతా పుస్తకం, ఇనుప దుకాణం బిల్లుల కార్బన్ కాపీలు, మేస్త్రీ జేబు డైరీ, ట్రెజరర్ పెన్షన్ పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి చూశాం. మేస్త్రీ డైరీలో తేదీలు సరిగ్గా ఉన్నాయి, అంకెలు ఇంకా సరిగ్గా ఉన్నాయి. కూలి డబ్బు పంచాల్సినవాడు తప్పు రాసుకోడు.

బయటపడింది ఇది. స్లాబు పోసేరోజు సంఘ ఖాతాలో డబ్బు లేకపోతే ట్రెజరర్ తన పెన్షన్ నుంచి సిమెంటుకు కట్టేవారు. తర్వాతి ఆదివారం కానుకలు రాగానే, బ్యాంకుకు వెళ్లకముందే, తన డబ్బు తాను తీసుకునేవారు. మనిషిగా చూస్తే అది త్యాగం. ఆడిటరుగా చూస్తే చేయకూడని పనుల్లో మొదటిది. కానుక ముందు బ్యాంకుకు చేరాలి, ఖర్చు అక్కడి నుంచే బయటికి రావాలి. ఆ క్రమం తప్పితే ఎంత మంచివాడైనా తన నిజాయితీని తానే నిరూపించుకోలేడు. ఈయన తన సొంత డబ్బు పెట్టిన సంగతి పద్నాలుగేళ్లలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదు.

చివరికి ఆధారం దొరకని ఖర్చు 38,600కు తగ్గింది. అక్కడ ఆగిపోయాం. ఎంత తవ్వినా దానికి కాగితం లేదు.

చూసినవారు

ఈ పని మధ్యలో టీచరమ్మ ఒక పుస్తకం తెచ్చారు. అది స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం లెక్క. తెలియనివారి కోసం ఒక మాట: వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తారు. కొంత సంఘంలోని విధవరాళ్లకు పోతుంది, మిగిలింది అమ్మితే వచ్చిన డబ్బు సువార్త పనికి వెళ్తుంది.

అట్ట ఊడిపోయి, నూనె మరకలు పడిన పొడవాటి రిజిస్టరు అది. పాత పేజీల్లో కొలతలు మానికల్లో, కొత్తవాటిలో కిలోల్లో ఉన్నాయి. నన్ను ఆపింది కాలమ్‌ల వరుస. పోసినవారు, కొలిచినవారు, చూసినవారు. ప్రతి ఆదివారం మూడు పేర్లు. మూడో పేరు ఎప్పుడూ వేరే ఇంటి మనిషిది. చదువు రానిచోట వేలిముద్ర, పక్కన ఎవరో బ్రాకెట్లో రాసిన పేరు. ఎక్కడా వగైరా లేదు. ‘పురుగు పట్టినందున పావు మానిక పారబోసినాము’ అని కూడా రాశారు, దానికీ చూసినవారి ముద్ర ఉంది.

సమాజంలో పెద్దావిడను అడిగాను, ఈ మూడో కాలమ్ ఎవరు పెట్టారమ్మా అని.

‘మా అత్తగారి రోజుల నుంచి ఉంది సార్. కొలిచే మనిషి మీద రేపు మాట పడకూడదని పెట్టారట.’

ట్రెజరర్ అక్కడే కూర్చుని విన్నారు. సంఘంలో అందరికంటే తక్కువ ఆస్తి చేతులు మారే చోట, అందరికంటే తక్కువ చదువుకున్నవాళ్లు తమలో ఒకరిని కాపాడుకోవడానికి ఏర్పాటు చేసుకున్నారు. ముప్పై ఒక్క లక్షలు చేతులు మారిన చోట ఆ మూడో కాలమ్ లేదు. నేను నగరం నుంచి పట్టుకొచ్చిన నమూనా ఫారాలు సంచిలోంచి తీయనేలేదు.

ఈ కేసులో నాకు అర్థమైనది ఇక్కడే చెప్పాలి. సంఘ సభకు అధికారం ఉన్న చోట ఓటు అందరికీ ఇస్తాం, పని మాత్రం ఇద్దరికో ముగ్గురికో వదిలేస్తాం. ఓటుకూ పనికీ మధ్య ఉన్న ఖాళీలోనే అనుమానం కాపురం పెడుతుంది. నమ్మకం లేక పని పంచడం లేదని పెద్దలు అంటారు. నేను చూసినంతలో పని పంచిన తర్వాతే నమ్మకం వస్తుంది, ముందు రాదు.

మత్తయి 18, అపొస్తలుల కార్యములు 6

సర్వసభ్య సమావేశానికి 131 మంది ఓటర్లు వచ్చారు, వెనుక కూర్చుని వినడానికి వచ్చినవాళ్లు అంతకు తక్కువేమీ కాదు. మొదటి గంట లెక్కల మీద నడవలేదు. ఆ యువకుడు బైబిల్లోని మత్తయి సువార్త 18వ అధ్యాయం ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లి అడగాల్సిందని, సభలో అడగడం తప్పని ఒక డీకన్‌గారు పట్టుబట్టారు.

ఈ వచనాన్ని ఇలా వాడటం చాలాచోట్ల చూశాను, ప్రతిసారీ ఒంటికి కారం పూసినట్టు ఉంటుంది. ‘నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల’ అని కదా అక్కడుంది. ఉమ్మడి డబ్బు గురించి అడగడం ఎవరి మీదా తప్పు మోపడం కాదు. దానికి దగ్గరగా ఉండేది అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను రోజువారీ పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు సణిగినవాళ్లను మందలించలేదు. మీలో ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షానికే గంటె చేతికిచ్చారు. పౌలైనా యెరూషలేముకు చందా మోసుకెళ్లేటప్పుడు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని తోడు తీసుకెళ్లాడు. ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికీ యోగ్యంగా ఉండాలని రెండో కొరింథీయుల ఎనిమిదో అధ్యాయంలో కారణం కూడా రాశాడు. ఈ మాటలు నేను సభలో చెప్పలేదు, పాస్టరుగారితో ముందురోజు చెప్పాను. సభలో ఆయనే చెప్పారు. ఆయన నోటి నుంచి రావడమే సరైనది. క్యూఆర్ కోడ్ సంగతిలో ముందుగా నిలబడి వివరణ ఇచ్చిందీ ఆయనే.

ఇక 38,600. ట్రెజరర్ లేచి, నా పెన్షన్ నుంచి కట్టేస్తాను, ఈ మాట ఇంతటితో ఆగనివ్వండి అన్నారు. చాలామందికి ప్రాణం కుదుటపడింది. నేను వద్దన్నాను. కడితే దోషినని ఆయనే రాసిచ్చినట్టవుతుంది, పద్నాలుగేళ్లు చూడకుండా ఒప్పుకున్న సభ చేతులు దులుపుకుంటుంది. అప్పుడు స్త్రీల సమాజం పెద్దావిడ కూర్చున్నచోటి నుంచే అడిగారు: ‘లెక్క చదివినప్పుడల్లా ఆమెన్ అన్నది ఎవరు? మనమే కదా?’

తీర్మానం ఇలా రాశారు: ‘ఆధారములు దొరకని ఖర్చు రూ. 38,600. ఏటా లెక్కలను పరిశీలించకుండా ఆమోదించినందున దీనికి సంఘమంతయు బాధ్యత వహించుచున్నది.’ అనుకూలం 97, వ్యతిరేకం 22, తటస్థం 12. ఆ 22 మందిని నేను మూర్ఖులనుకోను. అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాదని ఒకాయన అన్నారు, అందులో నిజముంది. అందుకే రెండో తీర్మానం లేకుండా మొదటిది ఓటుకు పెట్టవద్దని పట్టుబట్టాను.

లెక్కింపు బల్ల

రెండో తీర్మానం సారం బియ్యం పుస్తకమే. ఆరాధన కాగానే, సంచి హాలు దాటకముందే, ముగ్గురు వేర్వేరు ఇళ్లవాళ్లు లెక్కపెడతారు. ముగ్గురిలో ఒకరైనా ఇంతవరకు కమిటీలో లేనివారై ఉండాలి. నోట్లు, చిల్లర విడివిడిగా రాసిన చీటీ రెండు ప్రతులు. ఒకటి డబ్బుతో పాటు సోమవారం బ్యాంకుకు, ఒకటి గుడి తలుపు పక్క బోర్డు మీదికి. కొత్త ట్రెజరర్ లెక్కపెట్టరు, పుస్తకం మాత్రం రాస్తారు. పాస్టరుగారు చీటీ చూస్తారు, డబ్బు ముట్టుకోరు. సంఘ తీర్మానంతో దరఖాస్తు చేస్తే సంఘం పేరుతోనే, డబ్బు తీసుకోవడానికి మాత్రమే పనికొచ్చే క్యూఆర్ కోడ్‌ను బ్యాంకు ఇచ్చింది. రెండేళ్ల క్రితం అడిగి ఉంటే అప్పుడే దొరికేదేమో.

మొదటి వంతు ఆ యువకుడికి పడింది. పదకొండు రూపాయలు తేడా వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ తేడా. ఇళ్లలో అన్నాలు చల్లారిపోతున్నాయి. చివరికి ఒక కవరు మూలలో నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు దొరికింది. రూపాయి మాత్రం దొరకలేదు. ‘నా జేబులోంచి వేసేయనా’ అని అడిగాడట. టీచరమ్మ ఒప్పుకోలేదు. ‘తేడా రూ. 1’ అని చీటీ మీద రాసి ముగ్గురూ సంతకం పెట్టారు. ఆ చీటీ వారమంతా బోర్డు మీద ఉంది.

దశమభాగాలు మూడు నెలల్లో పాత స్థాయికి వచ్చాయి. ఆ యువకుడు ఇప్పటికీ ప్రశ్నలు అడుగుతాడు. కాకపోతే కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది, హాలు వైరింగ్ ఎవరికివ్వాలి లాంటివి అడుగుతాడు.

సరిపడనివి

అన్నీ చక్కబడ్డాయని రాస్తే అబద్ధం. ఒక పెద్ద కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోయింది, పిలిచినా రాలేదు. పాత ట్రెజరర్ ఆరాధనకు వస్తారుగానీ ముందు వరుసలో కూర్చోవడం మానేశారు. ఆయనకు సంఘం తరఫున క్షమాపణ చెప్పాలని టీచరమ్మ పెట్టిన ప్రతిపాదన కమిటీలోనే ఆగిపోయింది. పత్తి ఏరే రోజుల్లో లెక్కింపు వంతులకు మనుషులు దొరకక రెండు వారాలు పాత కమిటీవాళ్లే కూర్చున్నారు. ఓటర్లలో స్త్రీలే ఎక్కువ, తొమ్మిది మంది కమిటీలో ఇద్దరే స్త్రీలు. కృతజ్ఞతార్పణలు ఎవరెంత ఇచ్చారో పేర్లతో చదవడం మానేద్దామంటే మాత్రం రెండు వర్గాలూ ఏకమై నన్ను వ్యతిరేకించాయి. తన పేరు మైకులో వినాలన్న కోరిక విషయంలో మన సంఘాల్లో చీలికలు లేవు.

నియమావళి సవరణ ఇంకా ముసాయిదాలోనే ఉంది. ఏ పదవిలోనైనా వరుసగా రెండు దఫాలు, దఫాకు మూడేళ్లు, ఆ తర్వాత విరామం. ఇంతవరకు అందరూ సరేనన్నారు. ఆ లెక్క ఈ రోజు నుంచి మొదలు పెట్టాలా, గడిచిన ఏళ్లను కూడా కలపాలా అన్నదగ్గర ఆగింది. ఈ రోజు నుంచి లెక్కిస్తే పాత కమిటీలో నలుగురు ఇంకో ఆరేళ్లు కొనసాగవచ్చు. నన్ను అడిగారు. గడిచిన ఏళ్లను కలపాలన్నాను. ఒప్పుకోలేదు. రెండు వాక్యాలూ విడివిడిగా రాసిచ్చాను, జనవరిలో ఓటుకు పెడతారు.